బంతి వినపడాలంటే

మా ఆఫీసులో కొత్తగా చేరిన ఇద్దరు పిల్లలు ఈ మధ్య ఇంటికొచ్చారు. "మేడం, ఈ ఉద్యోగంలో అసలు ఏం చేయాలో నాలుగు ముక్కలు రాసివ్వండి" అని అడిగారు. నియమావళి ఉంది కదా అన్నాను. అది చదివాకే మీ దగ్గరికి వచ్చామన్నారు. ఆ జవాబు నాకు నచ్చింది, అందుకే రాస్తున్నాను.

నేను పనిచేసింది నంద్యాలలోని ఒక ధర్మసంస్థలో. శరీరంలో ఏదో ఒక లోపం ఉన్న పిల్లలకూ, ఆదుకునే దిక్కు లేని ఇళ్ల పిల్లలకూ ఆటలు నేర్పేవాళ్లకు ఆ సంస్థ ఏటేటా సాయం చేస్తుంది. నేను చేరిన కొత్తలో వికలాంగులు అనేవాళ్లం. తర్వాత దివ్యాంగులు అనమన్నారు, అన్నాం. పేరు మార్చినంత తొందరగా బడుల్లో ర్యాంపులు మాత్రం కట్టలేదు. సాయం ఎవరికివ్వాలో చూడటం, ఇచ్చాక అది ఆటగా మారిందో లేక బీరువాలోకి చేరిందో చూడటం నా పని. నాకు ఎప్పుడు ఏ హోదా వచ్చిందో ఇక్కడ రాయబోవడం లేదు. అవి మా ఆయనకే గుర్తు లేవు, మీకెందుకు?

తళతళలాడే వస్తువును నమ్మకండి

ఒక బడికి ఆటల కోసం ప్రత్యేకంగా చేయించిన చక్రాల కుర్చీలు ఇచ్చాం. కొన్ని నెలల తర్వాత చూడ్డానికి పోయాను. హెడ్మాస్టరు గారు కొబ్బరినీళ్లు తాగించి, నన్నొక గది దగ్గరికి తీసుకెళ్లి తాళం తీశారు. లోపల కుర్చీలన్నీ వరుసగా, వేసిన కవర్లు వేసినట్టే ఉన్నాయి. ఒక్కో కుర్చీకి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టారు. ఆయుధపూజ నాటి బంతిపూల దండలు ఎండిపోయి వేలాడుతున్నాయి. ఎంత భద్రంగా చూసుకుంటున్నామో మీరే చూడండి మేడం, పిల్లలకిస్తే ఒక్క వారంలో పాడుచేస్తారు అన్నారాయన. పిల్లలు వరండాలో గోడకానుకుని కూర్చుని మా వైపే చూస్తున్నారు.

ఆయన్ని తప్పు పట్టడం సులభం. కానీ ఆ పెద్దమనిషి నిజంగానే ఆ కుర్చీలను ప్రేమించాడు. మన దగ్గర ఖరీదైన వస్తువంటే వాడేది కాదు, దాచేది. మా అమ్మ పెళ్లినాటి స్టీలు బిందెలను అటక మీంచి దించకుండానే కన్నుమూసింది. కాబట్టి నేను ఆయనతో వాదన పెట్టుకోలేదు. మోకాళ్లు పట్టేశాయి, కాసేపు కూర్చుంటానని చెప్పి ఒక కుర్చీకున్న కవరు చింపేసి కూర్చున్నాను. కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే వరండాలోకి, అక్కణ్నించి గ్రౌండులోకి పోయాను. పోతూ పోతూ కుర్చీని గోడకేసి బాగా ఒరిపించాను. రంగు లేచిపోయింది. హెడ్మాస్టరు గారి ముఖం చూడలేకపోయాను, కానీ పాత వస్తువు అయిపోయాక ఇక దాచడానికి ఏముంటుంది? సాయంత్రానికి అన్ని కుర్చీలూ బయట ఉన్నాయి. పిల్లలు ఒకరినొకరు గుద్దుకుంటూ తిరుగుతుంటే ఆయన ఒక పక్కన నిలబడి ప్రతి దెబ్బకూ అబ్బా అంటున్నారు.

అప్పటి నుంచి ఎక్కడికి పోయినా గీతలు పడ్డాయా, రబ్బరు అరిగిందా, బంతికి మాసికలు పడ్డాయా అని ముందు చూసేదాన్ని. అన్నీ కొత్తగా ఉంటే అక్కడ ఆట జరగడం లేదని లెక్క. మీరూ అదే చూడండి.

శిలాఫలకం ఎటు చూస్తోంది

ఆళ్లగడ్డలో రాయి చెక్కే పనివాళ్ల చేతికి దేవుడి విగ్రహమైనా, దాత పేరైనా ఒకటే. రెంటినీ అంతే శ్రద్ధగా చెక్కుతారు. దానివల్ల మా ఉద్యోగానికొక చిక్కు వచ్చింది. ఇచ్చిన సాయం చిన్నదైనా శిలాఫలకం గుడి గోపురమంత వచ్చేది.

ఒక హాస్టల్లో చక్రాల కుర్చీలో తిరిగే పిల్లలు ఆటస్థలానికి పోవడానికి ఒక ర్యాంపు కట్టించాం. ప్రారంభోత్సవం అయిన కొన్నాళ్లకు పోయి చూస్తే ఆ ర్యాంపుకు సరిగ్గా నడిమధ్యలో నల్లరాతి ఫలకం నిలబడి ఉంది. చుట్టూ తామరపూలు, పైన రెండు హంసలు. దాత పేరు, మా సంస్థ పేరు, అడుగున నా పేరు కూడా ఉన్నాయి. పిల్లల్ని మాత్రం పాత పద్ధతిలోనే మెట్ల మీదుగా మోసుకుపోతున్నారు. ఫలకాన్ని పక్కకు జరపండని అడిగితే హాస్టలు వాళ్లు వణికిపోయారు. పెద్దాయన పేరున్న రాయిని కదిలించడం అశుభమట. ఇంకో ర్యాంపు కట్టించండి మేడం అన్నారు.

నేను దాతగారికే ఫోన్ చేశాను. రాయి చాలా అందంగా వచ్చిందని పొగిడి, ఒక్క సందేహం ఉందండీ, మీ పేరు నేరుగా మరుగుదొడ్ల వైపు చూస్తోంది, ఫరవాలేదా అని అడిగాను. నిజంగానే అటే చూస్తోంది, అబద్ధమేమీ ఆడలేదు. ఆ పొద్దే మనుషులొచ్చి రాయిని గేటు దగ్గరికి మార్చేశారు. ఎదుటి మనిషి దేనికి కదులుతాడో దాన్ని పట్టుకుంటే నియమావళితో పని ఉండదు.

మా ఛైర్మన్ గారి చెవులు

ఇప్పుడు మా ఛైర్మన్ గారి సంగతి. ఆయనకు బియ్యం మిల్లు ఉంది. మంచి మనిషి. ఇవ్వడానికి చేయి వెనక్కి తీసేవారు కాదు. కానీ పుట్టినప్పటి నుంచీ మిల్లు హోరులో పెరిగిన మనిషి. మిల్లు మోగుతుంటే పని జరుగుతున్నట్టు, చప్పుడు ఆగితే ఏదో చెడిపోయినట్టు ఆయన లెక్క. ఆ లెక్కనే మా ప్రాజెక్టులకూ వేసేవారు.

ఏ కార్యక్రమానికైనా వచ్చి ముందు వరసలో కూర్చుని కళ్లు మూసుకునేవారు. నిద్రపోతున్నారని కొత్తవాళ్లు అనుకునేవాళ్లు. నిజానికి ఆయన చప్పట్లు వింటున్నారు. బాగా వినపడితే కారెక్కుతూ "మోగిందమ్మా" అనేవారు, మరుసటి ఏడాది సాయానికి ఢోకా ఉండదు. "మోగలేదమ్మా" అంటే ఇక ఆ ఫైలు మళ్లీ తెరుచుకోదు.

ఇంత తెలిసి కూడా నేనాయన్ని ఒకసారి చదరంగం పోటీకి తీసుకుపోయాను. నడవలేని పిల్లలు, బ్రహ్మాండంగా ఆడుతున్నారు. హాల్లో సూది పడితే వినిపించేంత నిశ్శబ్దం. ఛైర్మన్ గారు కళ్లు మూసుకున్నారు, ఈసారి నిజంగానే నిద్రపోయారు. లేచి, మోగలేదమ్మా అన్నారు. అంతటితో ఆ చదరంగం పోయింది. ఆ పిల్లలకు వారానికొకసారి ఇంట్లోంచి బయటికొచ్చే దారి కూడా దాంతోనే పోయింది. అప్పుడు ఆయన మీద వచ్చినంత కోపం నాకు మా ఆయన మీద కూడా ఎప్పుడూ రాలేదు. కానీ కోపంతో సాయం రాదు కదా. అప్పటి నుంచి ఏ ఊళ్లో కార్యక్రమమున్నా ముందే తప్పెట్ల వాళ్లకు చెప్పిపెట్టేదాన్ని.

ఓబులేసన్న పొలం

ఇక మీకు అసలు చెప్పాలనుకున్నది ఆళ్లగడ్డ క్రికెట్ గురించి.

ఎస్తేరు టీచర్ అని ఒకామె చూపులేని పిల్లల్ని చుట్టుపక్కల ఊళ్ల నుంచి పోగుచేసి, ఆళ్లగడ్డలో గదులు తీసుకుని వాళ్లకు చదువూ క్రికెట్టూ నేర్పేది. ఆ గదుల అద్దె, పిల్లల తిండి, ఆట సామాను మా సంస్థ సాయంతోనే నడిచేవి. చూపులేని వాళ్ల క్రికెట్ మీరు చూడకపోతే చెబుతాను. గట్టి ప్లాస్టిక్ బంతి లోపల చిన్న చిన్న ఇనుప గుండ్లు ఉంటాయి. బంతిని పైనుంచి విసరరు, నేల మీద దొర్లుకుంటూ వచ్చేలా వేస్తారు. వేసేవాడు రెడీయా అని అడుగుతాడు, బ్యాటు పట్టినవాళ్లు యెస్ అంటారు, అప్పుడు బంతి గలగలమంటూ వస్తుంది. ఆ చప్పుడు విని, వంగి, కళ్లం ఊడ్చినట్టు బ్యాటుతో ఊడ్చి కొట్టాలి. ఆట మొత్తం చెవుల్లోనే ఉంటుంది.

మాది నల్లరేగడి నేల. మెత్తటి మట్టిలో బంతి పడితే మూగదైపోతుంది. గట్టి నేల కోసం వెతుకుతుంటే ఓబులేసన్న దొరికాడు. ఊరి బయట పొలమున్న పెద్ద రైతు. ఎద్దుల చేత బండ లాగించే పోటీలంటే ఆయన పేరే చెబుతారు. శనగ కోత అయిపోయాక ఆ పోటీల కోసం పొలంలో ఒక ముక్కను ఆయన గట్టిగా చదును చేసి ఉంచుకుంటాడు. అడగ్గానే ఇచ్చేశాడు. ఇవ్వడమే కాదు, నీళ్లు చల్లించి, తన ఎద్దులకు పోటీ బండ కట్టి అటూ ఇటూ లాగించి నేలను సిమెంటులాగా చేశాడు. అద్దె మాటెత్తితే కొట్టేటట్టు చూశాడు. ఒకే ఒక్క షరతు పెట్టాడు. ఆటనాడు ఏర్పాట్లన్నీ ఆయనవే.

ఆ షరతు విని ఎస్తేరు టీచర్ భయపడింది. బండ పోటీల ఏర్పాట్లంటే ఏమిటో ఆమెకు తెలుసు. చప్పుడైతే పిల్లలకు బంతి వినపడదు మేడం అంది. చప్పుడు లేకపోతే మా ఛైర్మన్ గారికి ప్రాజెక్టే వినపడదు అన్నాను నేను. చివరికి ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. ఆట మొదలయ్యే ముందు ఎంతైనా మోగించుకోవచ్చు, మొదలయ్యాక మౌనం. కాగితం మీద చాలా బాగుంది. ఆళ్లగడ్డ జనం చేత దాన్ని అమలు చేయించగలమని అనుకోవడం ఒక్కటే మా తెలివితక్కువతనం.

ఈ జట్టుకు కెప్టెన్ సలోమి. పదిహేడేళ్ల పిల్ల, పుట్టుకతోనే చూపు లేదు. నోరు మాత్రం ఇద్దరికి సరిపోతుంది. వాళ్ల నాయన దేవదానం కోయిలకుంట్ల పక్క పల్లెలో కూలికి పోతాడు. ఛైర్మన్ గారు చూడ్డానికి వస్తున్నారు, ఆయనకు నచ్చకపోతే సాయం ఆగిపోతుందన్న సంగతి ఎలాగో దేవదానం చెవిన పడింది. ఆటకు ముందురోజు ఆళ్లగడ్డకు వచ్చి ఎస్తేరు టీచర్‌తో నా ఎదుటే చెప్పాడు.

"ఆట అయినాక బిడ్డను పిల్చుకపోతా టీచరమ్మా. మీ దుడ్లు ఆగిపోతే ఆడపిల్ల యాడుంటాది? అదీగాక, కండ్లు లేని బిడ్డను నలుగురి నడుమ నిలబెడితే జనం నగుతారు. ఆ నగు నేను ఇనలేను."

మాట కటువుగా ఉన్నా మనిషి కటువైనవాడు కాదు. సలోమి తల నిమురుతూనే ఆ మాట అన్నాడు. ఆయన బయటికి పోయాక సలోమి నన్ను పక్కకు పిలిచింది. "ఇంట్లో అందరూ చేనికి పోతారు మేడం. నాకు మంచానికీ వాకిలికీ మధ్యలోనే పొద్దు మునుగుతాది" అంది. ఛైర్మన్ గారి చెవులను ఎలాగైనా మెప్పించాలని ఆ రోజే గట్టిగా అనుకున్నాను.

గమ్మునుండండి

ఆటనాడు పొద్దున్నే పోయేసరికి పొలం జాతరలా ఉంది. షామియానా, రంగుకాగితాల తోరణాలు, మజ్జిగ పందిరి, ఐసు బండ్లు. బండ పోటీలకు వచ్చే జనమంతా వచ్చారు. తప్పెట్ల వాళ్లు నేను చెప్పిన దానికంటే రెట్టింపు మంది ఉన్నారు. మైకు దగ్గర మస్తాన్ ఉన్నాడు. ఎద్దులు బండ లాగుతుంటే జనాన్ని ఊపేయడం అతని వృత్తి. ఎదురు జట్టు నంద్యాల నుంచి వచ్చింది, వాళ్లూ చూపులేని పిల్లలే. ఛైర్మన్ గారు కారు దిగి ఆ హోరు విని ముఖమంతా నవ్వయ్యారు. ముందు వరసలో కూర్చుని కళ్లు మూసుకున్నారు.

నంద్యాల వాళ్లు ముందు బ్యాటింగుకు దిగారు. ఆటైతే మొదలైంది, చప్పుడు మాత్రం ఆగలేదు. బంతి వేసే పిల్లవాడు రెడీయా అంటే బ్యాటు పట్టుకున్నవాడికి తప్పెటే వినిపిస్తోంది. బంతి వికెట్లకు తగిలాక యెస్ అంటున్నాడు. ఔటైతే జనం జాలితో మరింత గట్టిగా ఈలలు వేస్తున్నారు, పాపం ధైర్యం చెప్పాలని. వెంట వెంటనే వికెట్లు పడిపోయాయి. నేను మస్తాన్ దగ్గరికి పరుగెత్తి, జనాన్ని నిశ్శబ్దంగా ఉండమని చెప్పమన్నాను. అతనందుకున్నాడు. నిశ్శబ్దం ఎంత గొప్పదో, ఆళ్లగడ్డ జనం నిశ్శబ్దంగా ఉండటంలో ఎవరికీ తీసిపోరని, ఇంత మంచి నేల ఇచ్చిన ఓబులేసన్న కోసం నిశ్శబ్దంగా ఉండాలని ఊపిరి తీసుకోకుండా మైకులో అరిచాడు. నిశ్శబ్దం అన్న ప్రతిసారీ జనం చప్పట్లు కొట్టారు.

ఓబులేసన్నకు నేరుగా చెప్పే ధైర్యం నాకు లేదు. నేల ఆయనది, ఖర్చు ఆయనది, నీ ఏర్పాట్లే ఆటను చెడగొడుతున్నాయంటే ఆ మాట పడే మనిషి కాదు. ఎస్తేరు టీచర్ తల పట్టుకుంది. జనం వెనక దూరంగా నిలబడ్డ దేవదానం నేల చూపులు చూస్తున్నాడు. ఆ ఏడాదికి అంతా అయిపోయినట్టే అనిపించింది.

అప్పుడు సలోమి ఫీల్డింగ్ చేస్తున్నది కాస్తా ఆట ఆపించింది. మైకు చప్పుడును పట్టుకుని నడుచుకుంటూ, ఎవరి చేయీ పట్టుకోకుండా నేరుగా ఓబులేసన్న దగ్గరికి వచ్చింది.

"పెద్దాయనా, నీ భూమిలో ఆట. మర్యాదకు ఒక బంతి నువ్వు ఆడల్ల" అంది.

"నాకేం వస్తాది మ్మా ఆ ఆట?"

"ఏమొద్దు. కండ్లకు తువ్వాల కట్టుకో, చాలు."

మస్తాన్ ఆ మాటను మైకులో ఊరంతటికీ వినిపించాడు. అన్ని వందల మంది ముందు కాదనడానికి ఓబులేసన్నకు మనసొప్పలేదు. మీసం సవరించుకుని, పంచె ఎగ్గట్టి, తువ్వాలతో కళ్లకు గంతలు కట్టుకుని బ్యాటు పట్టాడు. జనం వెర్రెత్తిపోయారు. తప్పెట్లు తారస్థాయికి పోయాయి. సలోమే బంతి అందుకుంది. మొదటి బంతి వేసింది. ఎడమకు అని కొందరు, కుడికి అని కొందరు, ముందుకు దూకన్నా అని ఇంకొందరు అరిచారు. బంతి వెనక ఆగిపోయాక ఓబులేసన్న బ్యాటు గాలిలో గిర్రున తిరిగింది. రెండో బంతి వికెట్లు పడగొట్టింది. మూడోది ఆయన పాదానికి ఠప్పుమని తగిలింది. పడ్డ దెబ్బ కంటే అది ఎటునుంచి వచ్చిందో తెలియకపోవడం ఆయన్ని ఎక్కువ బాధపెట్టినట్టుంది. బ్యాటు దించాడు. తర్వాత గంతలు విప్పకుండానే కేక వేశాడు.

"ఒరే, గమ్మునుండండ్రా. నాకొక్క ముక్క ఇనపడల్యా. మస్తానూ, మైకు తీసెయ్ ప్పా."

మైకు ఆగింది. తప్పెట్లు నేల మీదికి దిగాయి. సలోమి నాలుగో బంతి వేసింది. గట్టి నేల మీద గలగలమంటూ బంతి వచ్చింది. ఓబులేసన్న తల పక్కకు వంచి, ఒళ్లంతా చెవి చేసుకుని వంగి బ్యాటు అడ్డం పెట్టాడు. బంతి తగిలింది. గొప్ప దెబ్బేమీ కాదు, నాలుగడుగుల దూరం పోయి ఆగింది. గంతలు తీసి జనం వైపు తిరిగాడు. "వస్తాంది ప్పా. అది వస్తాంటే తెలుస్తాంది" అన్నాడు, ఎవరూ నమ్మరేమోనన్నట్టు.

ఇద్దరు కెప్టెన్లూ మాట్లాడుకుని ఆటను మళ్లీ మొదటి నుంచి పెట్టారు. ఇక ఆ పొద్దంతా ఓబులేసన్న ఎద్దులను తోలే చర్నాకోల చేత పట్టుకుని పొలం చుట్టూ తిరిగాడు. కొట్టలేదు, ఊరికే పట్టుకున్నాడు. ఈల వేయబోయిన కుర్రాళ్ల పెదాలు అలాగే ఉండిపోయాయి. ఐసు బండ్లను రోడ్డు మీదికి తోలించాడు. తుమ్మొచ్చిన ఒకాయన ముక్కు మూసుకుని చెరువు గట్టు దాకా పరుగెత్తాడు. అంతమంది జనం అంత గమ్మున కూర్చోవడం నేను చర్చిలో కూడా చూడలేదు.

సరిగ్గా అప్పుడు మా ఛైర్మన్ గారి ఫోను భక్తిగీతం అందుకుంది. ఓబులేసన్న షామియానా దగ్గరికి వచ్చి, చర్నాకోల చంకలో పెట్టుకుని, రెండు చేతులూ జోడించాడు.

"సామీ, ఆ దేవున్ని కూడా రోంతసేపు గమ్మునుండమనండి."

ఛైర్మన్ గారితో ఆ మాదిరి ఎవరూ మాట్లాడగా చూడలేదు. ఆయన ముఖం ఎర్రబడింది, కానీ ఫోను ఆపేశారు. కాసేపటికి నా వైపు ఒరిగి, ఏమ్మా, ఏదీ మోగడం లేదే అన్నారు. కొంచెం వింటూ ఉండండి సార్ అన్నాను. ఆయన అలవాటు ప్రకారం కళ్లు మూసుకున్నారు. వినడానికి చప్పట్లు లేవు, కాబట్టి దొరికింది విన్నారు. రెండు మూడు ఓవర్లయ్యాక, కళ్లు తెరవకుండా, ఇప్పుడు బంతి ఎడమ పక్కకు పోయింది కదా అని గుసగుసగా అడిగారు. అవునన్నాను. ఒక కన్ను తెరిచి సరిచూసుకుని, మళ్లీ మూసుకున్నారు. తర్వాతి బంతి ఎటు పోతుందో పక్కనున్న పెద్దమనిషితో పందెం వేశారు. మొత్తం మీద బాగా ఆడారు, పిల్లలూ, మా ఛైర్మన్ గారూ. చివరి ఓవర్లు పడుతుండగా నా చెవి దగ్గర, వచ్చే ఏడాదికి కూడా ఇద్దాంలేమ్మా అన్నారు. సరిగ్గా అప్పుడే బంతి వేయబోతున్నారు. నేను ఎవరితో ఉన్నానో మరిచిపోయి పెదాల మీద వేలు పెట్టి ఆయన్ని గమ్మునుండమన్నాను. ఉన్నారు.

ఆళ్లగడ్డ జట్టుకు చివరి బంతికి ఇంకా నాలుగు పరుగులు కావాలి. బ్యాటు సలోమి చేతిలో ఉంది. రెడీయా అన్న మాట పొలం ఆ చివరి దాకా వినిపించింది. యెస్ అంది. బంతి గలగలా వచ్చింది. సలోమి ఒక మోకాలు నేలకు ఆనించి ఊడ్చింది. బంతి జనం కాళ్ల ముందున్న తాడు దాటి పోయింది.

గెలిచారు. ఒక్కరు కూడా నోరు తెరవలేదు. గమ్మునుండమని ఓబులేసన్న చెప్పాడు గానీ, ఎప్పుడు నోరు తెరవాలో చెప్పలేదు. ఆ సంగతి ఆయనకూ తోచలేదు, నోరు బిగించి చూస్తూ నిలబడ్డాడు. అంపైరుగా వచ్చిన డ్రిల్లు మాస్టరు అలవాటు కొద్దీ చేయి ఊపి ఫోరని చూపించాడు, ఆడుతున్న వాళ్లకు నోటితో చెబితేనే తెలుస్తుందన్నది మరిచిపోయాడు. పొలం మధ్యలో సలోమి బ్యాటు పట్టుకుని ఒంటరిగా నిలబడింది. తల అటూ ఇటూ తిప్పింది.

"ఏందీ, ఏమాయ? అందరూ బువ్వకు పోయినారా?"

వేళాకోళంగానే అనబోయింది, కానీ చివరి మాట వణికింది. నేను అరవడానికి లేచాను. ఈలోగా జనం వెనక నుంచి ఒక గొంతు వచ్చింది.

"ఉండాము మ్మా. ఒక్కరు గూడా పోలేదు. నీ బంతి తాడు దాటిపోయె."

జనం పక్కకు జరిగి దారి ఇచ్చారు. దేవదానం ముందుకు వచ్చాడు. సలోమి ఆ గొంతు వైపు తిరిగింది. ఎవరైనా నవ్వారా అని నేను చుట్టూ చూశాను. ఒక్కరు కూడా నవ్వడం లేదు.

"నాయనా, ఇంటికి పోదామా?" అంది మెల్లగా.

దేవదానం జనం వైపు చూశాడు. అంతమంది తన మాట కోసం కూర్చున్నారని అప్పుడే చూసుకున్నట్టున్నాడు.

"సెలవులకు రా తల్లీ" అన్నాడు. "ఇప్పుడొద్దు. ఈన్నే ఉండు."

ఓబులేసన్న చర్నాకోల పైకెత్తి, ఇంకేం చూస్తాండారు, కొట్టండ్రా అన్నాడు. పొద్దుటి నుంచీ బిగబట్టుకున్నదంతా ఒక్కసారిగా వదిలారు. తప్పెట్లు, ఈలలు, మస్తాన్ మైకు అన్నీ కలిసిపోయాయి. మా ఛైర్మన్ గారు కుర్చీ ఎక్కి చప్పట్లు కొడుతున్నారు. నేను జనాన్ని తోసుకుంటూ దేవదానం దగ్గరికి పోయాను. సాయం ఆగదని, వచ్చే ఏడాదికి కూడా ఒప్పుకున్నారని చెప్పాను. ఆ హోరులో నా మాట నాకే వినపడలేదు. రెండోసారి ఆయన చెవి దగ్గర నోరు పెట్టి అరిచాను. ఆయనకు ఒక్క అక్షరం అందలేదు. సలోమి చేయి గట్టిగా పట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ, ఏదో మర్యాదకు నాకు తల ఊపాడు.